చక్రం మీద ఎర్రగీత

తప్పు నాదే. ఆ చక్రం మీది ఎర్రగీతని తడిగుడ్డతో తుడిచింది నేనే. తుడిచి ఊరుకున్నానా, అదీ లేదు. పసుపు రాశాను, కుంకుమ బొట్టు పెట్టాను, మూడు వేళ్ళతో విభూతి దిద్దాను, ఫోటో తీసి పంపాను. ఎవరూ చెయ్యమనలేదు. నవ్వొస్తుందని చేశాను. ఇంతకు మించి చెప్పుకోవడానికి నా దగ్గరేమీ లేదు. ఈ కథంతా "నేను, నేను" అంటూ చెబితే మాటమాటకీ నన్ను నేనే వెనకేసుకొస్తాను. అందుకని ఇక్కణ్ణుంచి ఆ వెధవని ప్రణవ్ అనే పిలుస్తాను. అయినా కథ వాడిది కాదు, మల్లికార్జునరావు గారిది.

మల్లికార్జునరావుకి అరవై ఏడేళ్ళు. సింగపూర్లో యూ టీ అనే పేటలో తొమ్మిదో అంతస్తు ఫ్లాటు. అందులో భార్య ప్రభావతి, కూతురు కీర్తిక, మూడో గదిలో అద్దెకుండే ప్రణవ్. పెద్దాయన కాకినాడలో ఐటీఐ చదివి ఇరవై నాలుగో ఏట ఇక్కడికి వచ్చాడు. మొదట ఓ చిన్న షిప్‌యార్డులో చేశాడు. తర్వాత తంజోంగ్ పగార్ రేవులో కంటెయినర్ క్రేన్ల మెయింటెనెన్సు. ఆ క్రేన్లు ఎక్కి దిగడంలోనే జుట్టు నెరిసిపోయింది.

ఆయన పని చెవులతో. క్రేన్ చక్రాన్ని చిన్న సుత్తితో తట్టి, తల పక్కకి వంచి వినేవాడు. ఖంగుమంటే చక్రం బాగున్నట్టు. డబ్ మంటే లోపల ఎక్కడో పగులున్నట్టు. మనిషి రిటైరయ్యాడు గానీ చెవులు రిటైరు కాలేదు. తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో కాఫీ రాగానే కప్పుని చెంచాతో ఒకటి తడతాడు. కుక్కర్ కొనడానికెళ్తే దుకాణంలో ఉన్న కుక్కర్లన్నీ వరసగా మోగాల్సిందే. "పరువు తీసేస్తున్నారండీ" అని ప్రభావతి రెండడుగులు దూరంగా నిలబడుతుంది. ప్రణవ్ ఒకసారి ఆయన కప్పు అడుగున బంకముద్ద అంటించాడు. కప్పు డబ్ మంది. ఆయన పక్కకి నెట్టి ప్రణవ్‌నే ఇంకోటి తెమ్మన్నాడు. అదీ డబ్ మంది. మూడో కప్పుకి ఆయన కప్పుని వదిలేసి ప్రణవ్ మొహం కేసి చూశాడు.

"నీ బుర్ర తట్టి చూడమంటావా, ఎలా మోగుతుందో?"

ఆయనకి ఒకే ఒక్క పట్టింపు ఉంది. యంత్రానికి కుంకుమ పెట్టనివ్వడు. ఆయుధపూజ రోజు ఇంట్లో కత్తిపీటకి పెట్టొచ్చు, కీర్తిక లాప్‌టాప్‌కి పెట్టొచ్చు, తన పనిముట్లకి మాత్రం పువ్వే. నాస్తికుడా అంటే కాదు. రోజూ దీపం పెట్టే మనిషే. కారణం ఈ గొడవంతా అయ్యేదాకా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మొదట పనిచేసిన యార్డులో వెంకటరాజని కాకినాడ స్నేహితుడు ఉండేవాడు. ట్రాలీ చక్రం ఒకదాని మీద మల్లికార్జునరావు పగులు పట్టుకుని ఎర్ర రంగుతో గీత గీశాడు. మర్నాడు పెద్దవాళ్ళెవరో చూడ్డానికొస్తున్నారని, ఎవరో ఆ ట్రాలీ మొత్తానికి శుభ్రంగా ఎర్ర పెయింటు కొట్టేశారు. గీత అందులో కలిసిపోయింది. మూడోరోజు చక్రం రెండు ముక్కలైంది. వెంకటరాజు దాని కిందే ఉన్నాడు.

అప్పట్నుంచీ ఆయన లెక్కలో ఎరుపంటే ఒకటే అర్థం. దాన్ని అలంకారానికి వాడితే ఆయన ఒళ్ళు జలదరిస్తుంది.

ఇక కారు. పంతొమ్మిది వందల యాభైల నాటి ఫోర్డ్ ఆంగ్లియా. అరవైల్లో ఎవరో కుర్రకారు దాని బానెట్ పక్కలు పీకేసి, పెద్ద ఇంజను ఇరికించి, ముందు భాగం కిందికి దించి హాట్ రాడ్ చేశారు. ఇంజను పేగులు బయటికి కనిపిస్తుంటాయి. చివరి యజమాని చేతులు వణికి ఇక నడపలేక, తనలాగే చెవులున్నవాణ్ణి వెతుక్కుని మల్లికార్జునరావుకి అప్పగించాడు. పాత కార్ల లైసెన్సు కాబట్టి ఏడాదిలో కొన్ని రోజులే రోడ్డెక్కాలి. మిగతా రోజులు సుంగే కదుత్ పేటలో సెంగ్ అనే చైనా మెకానిక్ వర్క్‌షాపులో ముసుగేసుకుని పడుకుంటుంది.

ఆ ఏడు దసరాకి కారు కీర్తిక చేతికివ్వాలని ఆయన నిర్ణయించుకున్నాడు. మొదటిసారి ఆమె నడుపుతుంది, పక్కన తల్లి కూర్చుంటుంది, గుడికి వెళ్తారు. దానికి తగ్గ చక్రాలు కావాలి. ఉన్నవి మామూలు ఇనప చక్రాలు, బస్తాలు మోసే బండికి ఉన్నట్టుంటాయి. ఆ కాలపు హాట్ రాడ్లకి మ్యాగ్ వీల్సే అందం. అయిదు లావుపాటి ఊచలు, మధ్యలో గుంట, అంచున మెరుపు.

సెంగ్ రెండు సెట్లు తెప్పించి బెంచీ మీద పెట్టాడు. ఒకటి పాత మోడల్లో చేసిన కొత్త అల్యూమినియం చక్రాలు. రెండోది అసలైనది, అరవైల నాటి నిజం మెగ్నీషియం. మలేషియాలో ఇపో దగ్గర ఎవరి షెడ్డులోనో నలభై ఏళ్ళు పడి ఉన్నవి. బూడిద రంగు, అక్కడక్కడ ఉప్పు పూసినట్టు తెల్లటి పొక్కులు. ఒక్కోటీ చేత్తో ఎత్తితే లోపల ఏమీ లేనంత తేలిక.

సెంగ్ మాట్లాడేది ఇంగ్లీషే గానీ తెలుగులో పెడితే ఇలా ఉంటుంది, చివర్న "లా" ఇక్కడివాళ్ళ ఊతపదం. "అంకుల్, కొత్తవి తీసుకో లా. మడ్‌గార్డు దాటి బయటికి రావు, తనిఖీలో గొడవుండదు. పాతవి చూస్తే నాకు భయంగా ఉంది."

"కొత్తవి పెళ్ళికొడుకు బూట్లలా ఉన్నాయి" అన్నాడు మల్లికార్జునరావు. పాతవాటి మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

ప్రణవ్ వాటిని ఫోన్లో ఫోటో తీసి ప్రభావతికి చూపించాడు. ఆమె చపాతీపిండి కలుపుతూ తొంగి చూసింది. "ఇదేంట్రా, అస్థికల రంగులో ఉన్నాయి!" అంది. అనేసి, అనకూడని మాట అన్నట్టు నాలిక్కరుచుకుంది.

దసరా ముందు రోజు పొద్దున్న హేజ్ కమ్మింది. పొరుగు దేశంలో అడవులు తగలబడ్డప్పుడల్లా వచ్చే పొగ. సూర్యుడు పాత రాగి బిళ్ళలా ఉన్నాడు, గొంతులో బూడిద రుచి. మల్లికార్జునరావు ఒక్కడే వర్క్‌షాపుకి వెళ్ళాడు. నాలుగు పాత చక్రాలూ తాడుకి కట్టి ఒక్కోటీ వేలాడదీశాడు. సుత్తితో తట్టాడు. మొదటిది మోగింది. రెండోది మోగింది. మూడోదీ మోగింది. నాలుగోది కూడా మోగింది గానీ, ఆ మోత చివర్లో ఎవరో దాని నోరు మూసినట్టు ఆగిపోయింది.

మళ్ళీ తట్టాడు. ఈసారి బాగానే ఉన్నట్టనిపించింది. మూడోసారి తట్టలేదు. తట్టాలనిపించలేదు.

అయినా అలవాటు ఊరుకోదు కదా. రేవులో చేసిన పద్ధతే చేశాడు. చక్రానికి ఎర్రటి డై స్ప్రే చేసి, కాసేపాగి శుభ్రంగా తుడిచి, మీద తెల్లటి పొడి స్ప్రే చేశాడు. పగులుంటే అందులో దిగిన ఎరుపు తెల్లపొడిలోకి ఊరి పైకొస్తుంది. మూడు చక్రాలు తెల్లగానే ఉన్నాయి, వాటిని కడిగేశాడు. నాలుగోదాని మీద, ఊచ మొదట్లో, వెంట్రుకంత గీత వచ్చింది. చూస్తూండగానే గోరంత అయింది.

రేవులో అయితే ఆ క్షణమే దానికి ఎర్ర ట్యాగు, అంటే వాడకూడదన్న చీటీ, కట్టాలి. కట్టాకే మంచినీళ్ళైనా తాగాలి. అది నియమం, ముప్ఫై ఏళ్ళు ఒక్కరోజు తప్పలేదు. ఆ రోజు ట్యాగు కట్టలేదు. పైపొర గీతేమో, గంటాగి చూద్దాం, పెరక్కపోతే రుద్దేస్తే పోతుందేమో అనుకున్నాడు. ఆ చక్రాలు ఆయనకి అంతగా నచ్చేశాయి. చక్రాన్ని అలాగే బెంచీ మీద వదిలి భోజనానికి ఇంటికెళ్ళాడు. సెంగ్ అప్పటికే మకాన్‌కి, అదే తన తిండికి, పోయాడు. షెడ్డులో ఎవరూ లేరు.

అప్పుడొచ్చాడు ప్రణవ్.

రాఫెల్స్ ప్లేస్‌లో వాడి ఆఫీసుకి ఆ రోజు ఒక పూట సెలవు. కార్ల గురించి వాడికి తెలిసిందంతా ఫోన్ వీడియోల చలవే. బెంచీ మీద ఒక చక్రానికి తెల్లటి పొడి, ఎర్రటి మరక. ఓహో, కుంకుమంటే మండిపడే పెద్దమనిషి ఎవరూ చూడకుండా పూజ మొదలెట్టాడన్నమాట, అదీ సగంలో వదిలేసి పారిపోయాడన్నమాట! వాడికి పట్టలేనంత నవ్వొచ్చింది. దసరాకని ఆంటీ తెమ్మన్న పసుపు, కుంకుమ, విభూతి సంచీలోనే ఉన్నాయి. చక్రం తుడిచాడు. నాలుగింటికీ సమంగా పసుపు పూసి, బొట్లు పెట్టి, విభూతి రేఖలు దిద్ది, వరసగా నిలబెట్టాడు. కాసేపయ్యాక ఫోటో తీసి, "మీ ఆయన మారిపోయిండు ఆంటీ" అని రాసి ప్రభావతికీ కీర్తికకీ పంపాడు.

సెంగ్ తిరిగొచ్చి చూశాడు. ప్రణవ్ బయట ఫోన్లో పడి ఉన్నాడు, చేసింది తనేనని చెప్పలేదు. పాతికేళ్ళుగా అతను ఇండియన్ల లారీలు, వ్యాన్లు బాగుచేస్తున్నాడు. వాళ్ళు ఎర్రబొట్టు ఎప్పుడు పెడతారో అతనికి బాగా తెలుసు. పని నచ్చి, బండి బయటికి తీసే ముందు, అన్నిటికంటే చివర్న. సంతకం లాంటిది. అంకుల్ సంతకం పెట్టేశాడనుకున్నాడు. టైర్లెక్కించాడు, కారుకి బిగించాడు. ఈలోగా ఫోటో చూసిన కీర్తిక, కారు సిద్ధమైందనుకుని టాక్సీలో దిగింది.

మల్లికార్జునరావు, స్నానమూ దీపమూ అయ్యాక ఆలస్యంగా భోజనానికి కూర్చుని, పెరుగన్నం కలుపుకుంటుండగా అప్పుడే ఫోటో చూసుకున్న ప్రభావతి నవ్వుతూ ఫోను ఆయన ముందు పెట్టింది.

"ఏవండీ, నాకు చెప్పకుండానే కానిచ్చేశారా? నేను పెడతానంటే ఇన్నాళ్ళూ కస్సుమన్నారు!"

ఆయన చూశాడు. పసుపు, బొట్లు, విభూతి. నాలుగు చక్రాలూ కవల పిల్లల్లా ఉన్నాయి. ఏది ఏదో తెలీదు. ఎంగిలి చేత్తోనే ఫోటోని పెద్దది చేశాడు. మొదటి చక్రం మీద విభూతి తెల్లగా ఉంది. రెండోది తెల్లగా ఉంది. ప్రణవ్ వరసలో మూడో చోట నిలబెట్టినదాని విభూతి రేఖల్ని అడ్డంగా కోస్తూ సన్నటి ఎర్రదారం. ఎవరూ వేలితో పెట్టింది కాదు. కుంకుమ పైన ఉంటుంది, ఇది లోపల్నించి ఊరుతోంది. తుడిచినా పగుల్లో మిగిలిన ఎరుపుని, తెల్లపొడి లాగినట్టే విభూతి కూడా లాగింది.

గోరంతున్న గీత ఇప్పుడు వేలెడుంది.

ఆయన సెంగ్‌కి ఫోన్ చేశాడు. "ఆ చక్రాలు ముట్టుకోకు."

"ముట్టుకోవడమేంటి అంకుల్? అయిపోయింది కదా. కీర్తిక తీసుకెళ్ళి ఇరవై నిమిషాలైంది."

"ఎవరు ఇమ్మన్నారు?"

"నువ్వే కదా! పూజ చేసేశావు. పూజ అయిందంటే ఓకే అని కదా లా?" సెంగ్ గొంతు తగ్గింది. "ఏమైంది అంకుల్?"

"ఎటు వెళ్ళింది?"

"రేపటికి చెయ్యి అలవాటవుతుంది, ఎక్స్‌ప్రెస్‌వే మీద ఒక రౌండు కొట్టి ఇంటికి తెస్తానంది. ప్రణవ్ కూడా ఎక్కాడు."

కీర్తిక ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఆ ఇంజను మోతలో ఫోనేం వినిపిస్తుంది! ప్రణవ్‌కి చేస్తే కట్ చేశాడు. మళ్ళీ చేస్తే మళ్ళీ కట్ చేశాడు. వాడు వీడియో తీస్తున్నాడు మరి. మధ్యలో ఫోనొస్తే వీడియో పాడవుతుందని వాడి బాధ.

మల్లికార్జునరావు చెయ్యి కడుక్కోలేదు. లిఫ్టులో కిందికి దిగి కార్‌పార్కు గేటు దగ్గర నిలబడ్డాడు. ఎక్కడికి పరిగెత్తాలో తెలిస్తే పరిగెత్తేవాడే. ఏ రోడ్డు మీదున్నారో తెలీదు. టాక్సీ ఎక్కి వెతికితే, వాళ్ళు ఇటొచ్చేస్తే? చెయ్యగలిగింది ఒక్కటే. వినడం.

పొగలో ఎదుటి బ్లాకు సగమే కనిపిస్తోంది. పైన పట్టాల మీద ట్రెయిన్ వెళ్ళింది. దాని చక్రాలన్నీ సరిగ్గా మోగుతున్నాయి. ఒక బస్సు వెళ్ళింది. ఒక లారీ. దూరంగా ఎక్కడో అంబులెన్సు మోత మొదలై, ఎటో తిరిగి, ఆగిపోయింది. అది ఎక్కడ ఆగిందో పట్టుకోవాలని ఆయన కళ్ళు మూసుకున్నాడు. వెంకటరాజు రోజు కూడా ముందు శబ్దమే వినిపించింది, మనిషి తర్వాత కనిపించాడు.

ప్రభావతి ఇంటి చెప్పులతోనే దిగొచ్చింది. "ఏమైందండీ? అన్నం వదిలేసి ఇక్కడేంటి? మొహం అలా ఉందేంటి?"

"ఏం లేదు. అమ్మాయి కారు తీసుకుని వస్తోంది."

"వస్తే మంచిదేగా?"

"వస్తే మంచిదే."

ఆమె ఆయన భుజం దగ్గరికి జరిగి నిలబడింది. పది నిమిషాలు గడిచాయి. ఇంకో పది. సెంగ్ రెండుసార్లు ఫోన్ చేసి "వచ్చారా?" అన్నాడు. రెండుసార్లూ ఆయన సమాధానం చెప్పకుండా పెట్టేశాడు, చెవికి అడ్డం పడుతుందని.

ముందు ఆయనకే వినబడింది. ప్రభావతికి ఏమీ తెలియకముందే ఆయన మెడ తిరిగింది. పొగలోంచి ఆంగ్లియా ఇంజను గుర్రు. దాని అడుగున, చాలా అడుగున, ఇంకో చప్పుడు. టిక్. చక్రం తిరిగి వచ్చి మళ్ళీ టిక్. గోడ గడియారం లోపల్నించి ఎవరో తడుతున్నట్టు. కారు మలుపు తిరిగేసరికి టిక్కుకీ టిక్కుకీ మధ్య ఇంకో చిన్న టిక్కు చేరింది.

గేటు లోపల స్పీడు బ్రేకర్ ఉంది. మల్లికార్జునరావు దాని ముందుకి పరిగెత్తి రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

"ఆపు! అక్కడే ఆపెయ్! హంపు ఎక్కించకు!"

కీర్తిక బ్రేకు తొక్కింది. కారు ఆయన మోకాళ్ళకి మూరెడు దూరంలో ఆగింది. "నాన్నా! వాట్ ఆర్ యూ డూయింగ్? ఐ వాజ్ గోయింగ్ స్లో, లా!"

"దిగు."

"బట్ వై..."

"దిగమన్నానా! వాణ్ణీ దిగమను. నెమ్మదిగా. తలుపు గట్టిగా వెయ్యద్దు."

ఇద్దరూ దిగారు. ప్రణవ్ చేతిలో ఫోను ఇంకా వీడియో తీస్తూనే ఉంది. మల్లికార్జునరావు ఎడమవైపు ముందుచక్రం దగ్గర కూర్చున్నాడు. విభూతి చెదిరిపోయింది. ఎర్రదారం ఊచ మొదలంతా చుట్టుకుని పక్క ఊచకి పాకింది. గోరు పెట్టి చూశాడు. గోరు లోపలికి దిగింది.

"ఎంత స్పీడు పోయారు?"

ప్రణవ్ అప్పుడు వీడియో ఆపాడు.

"నిన్నే అడుగుతున్నాను. ఎంత?"

"తొంభై అంకుల్" అన్నాడు ప్రణవ్. "వీడియో ఉన్నది."

కీర్తిక ఒంగి చూసింది. చూసి, చక్రం కేసీ, తను కూర్చున్న సీటు కేసీ, మళ్ళీ చక్రం కేసీ చూసింది. తెలుగు మాట్లాడమంటే నవ్వేసే పిల్ల, తెలుగులోనే అంది. "నాన్నా, ఇది విరిగిపోయేదా?"

ఆయన పగుల్లోంచి గోరు తీశాడు. ప్రభావతి కూతురి చెయ్యి పట్టుకుని లాక్కుని, కారుకి దూరంగా, చాలా దూరంగా తీసుకెళ్ళి నిలబెట్టింది.

ప్రణవ్ ఫోను జేబులో పెట్టేశాడు. "కుంకుమ అనుకున్న అంకుల్. మీరు పూజ సగంల ఇడిసిపెట్టి పోయిన్రనుకున్న. తుడిచేసి మంచిగ పెట్టిన. నవ్వుతరనుకున్న."

"నవ్వేవాణ్ణేమో" అన్నాడు మల్లికార్జునరావు. "ట్యాగు కట్టకుండా వెళ్ళింది మాత్రం నేను. కడితే నువ్వు తుడిచేవాడివి కాదు, సెంగ్ బిగించేవాడు కాదు. పగులు చూసి కూడా చూడనట్టు అన్నానికి పోయాను. అరవై ఏడేళ్ళకి ఆశ పుట్టింది నాకు, చక్రాల మీద."

ఆ మాట ప్రణవ్‌ని కొట్టినదానికంటే ఎక్కువ తాకింది. తిడతాడని సిద్ధపడ్డవాడికి, ఆయన తిట్లన్నీ తనకే పెట్టేసుకోవడంతో నిలబడ్డానికి చోటు లేకుండా పోయింది.

సెంగ్ జాకీతో, పాత ఇనప చక్రాలతో వచ్చాడు. కారుని అక్కడే ఎత్తారు. మూడు చక్రాలు మామూలుగా ఊడొచ్చాయి. నాలుగోదాన్ని సెంగ్ నేలమీద పెట్టగానే ఊచ ఒకటి ముక్కగా పక్కకి ఒరిగింది. పడ్డ చప్పుడు కూడా పెద్దగా లేదు. సెంగ్ తన భాషలో ఏదో గొణిగి వెనక్కి జరిగాడు.

"మిగతా మూడూ బాగానే ఉన్నాయిగా నాన్నా?" అంది కీర్తిక దూరం నుంచే.

"ఒకే పోతలో పోసినవమ్మా నాలుగూ. దీనికి వచ్చింది వాటికి రాదని నేను చెప్పలేను." ఆయన సెంగ్ దగ్గర చేతి డ్రిల్లు తీసుకున్నాడు. నిప్పురవ్వ లేస్తే మెగ్నీషియం అంటుకుంటుందని నీళ్ళు పోసుకుంటూ, నెమ్మదిగా తిప్పుతూ, నాలుగు చక్రాలకీ ఊచల్లో బెజ్జాలు వేశాడు. ఇంకెవరూ ఎక్కడా వీటిని బండికి బిగించకుండా. మొదటి బెజ్జం వెయ్యడానికి చాలాసేపు పట్టింది. డ్రిల్లు మొద్దుదై కాదు. నాలుగోది మాత్రం టకటకా వేసేశాడు. పొగ వల్లో ఏమో కళ్ళు తుడుచుకున్నాడు. ఎవరూ ఆయన వైపు చూడలేదు.

మర్నాడు గుడికి ట్రెయిన్లో వెళ్ళారు. కారు ఇనప చక్రాల మీద సుంగే కదుత్ చేరింది.

తర్వాతి ఆదివారం మల్లికార్జునరావు మళ్ళీ ఆ బెంచీ ముందు నిలబడ్డాడు. కొత్త అల్యూమినియం సెట్టు పాత చోటే ఉంది. దాని పక్కన సెంగ్ ఇంకో రెండు సెట్లు పెట్టాడు, ఒకటి నల్ల ఊచలది, ఒకటి వెండి రంగుది. ప్రణవ్ కూడా వచ్చాడు. వారం రోజులుగా ఇంట్లో ఎవరితోనూ ఒక్క వేళాకోళం ఆడలేదు. ప్రభావతి అయితే జ్వరమేమోనని నుదురు పట్టి చూసింది. చేతులు వెనక కట్టుకుని, చక్రాలకి గజం దూరంలో నిలబడి, వాడు చివరికి నోరు విప్పాడు.

"మరి ఏ చక్రాలు ఏద్దాం అంకుల్?"

మల్లికార్జునరావు సుత్తి చేతిలోకి తీసుకున్నాడు.

"నువ్వు ముట్టుకోనివి."